కొసరు విలువ తెలిసిన వర్తకుడు: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

కూరగాయల అంగడిలో తూకం పూర్తయిన తరువాత, అమ్మే మనిషి రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో సంచిలో పడవేయడం మనమందరం చూచిన దృశ్యమే. దీనిని తెలుగువారు కొసరు అన్నారు. అది తూకానికి లొంగనిది, ధరలో చేరనిది, లెక్కపుస్తకానికి ఎక్కనిది. అయినా కొనుగోలుదారు మరునాడు అదే అంగడిని వెదుక్కొంటూ రావడానికి తరచు ఆ కొసరే కారణమవుతుంది. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లలో ఒక దుకాణం నిలకడగా వృద్ధిలోకి వస్తే అందులో బర్కత్ ఉన్నదంటారు. కొసరు నుండి బర్కత్ వరకు ఒక దారి ఉన్నది. అది సన్నని దారి. చేయి బిగించినవాడికి కనబడదు, లెక్క తెలియనివాడికి అందదు. ఆ దారిలో చివరివరకు నడిచిన తెలుగువాడు శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారి జీవితాన్ని విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

పంతులుగారి పేరు తెలుగునాట కొత్తది కాదు. ఆంధ్రపత్రిక స్థాపకులుగా, భారతి మాసపత్రిక వ్యవస్థాపకులుగా, స్వాతంత్ర్యసమర యోధులుగా వారిని మన పాఠ్యపుస్తకాలు స్మరించాయి. దేశోద్ధారక, విశ్వదాత అనే బిరుదులతో ప్రజలు వారిని పిలుచుకొన్నారు. అయితే వారిని గూర్చి చెప్పేవారు సాధారణంగా పత్రికా స్థాపనతో కథ మొదలుపెడతారు. అంతకు ముందరి పదిహేను సంవత్సరాలు, అంటే ఒక చిన్న లేపనపు సీసాతో వారు వర్తకం సాగించిన కాలం, ఒకటి రెండు వాక్యాలలో గడచిపోతుంది. వృక్షాన్ని మెచ్చుకొనేవారు విత్తనం నాటిన చేతిని మరచినట్లుంటుంది ఇది. తండ్రి నడిపే చిన్న కొట్టు ఆదాయంతో చదువుకొంటున్న విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉన్నారు. వారికి కావలసిన పాఠం ఆ పదిహేను సంవత్సరాలలోనే ఉన్నది.

నాగేశ్వరరావుగారు 1867వ సంవత్సరం మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్యగారు. ప్రాథమిక విద్య స్వస్థలంలోనూ, తరువాతి చదువు మచిలీపట్నంలోనూ సాగింది. అటుపిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. ఆ కాలపు యువకులనేకుల వలెనే వీరి మనస్సు కూడా కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసాలచేత ప్రభావితమైనది. అచ్చయిన అక్షరం మనిషిని మార్చగలదనే విశ్వాసం విద్యార్థి దశలోనే వారిలో నాటుకొన్నది. ఆ విశ్వాసం ఫలించడానికి పదిహేడేండ్లు పట్టింది. మధ్యలో వారు చేసినది వర్తకం.

ఆనాడు పట్టభద్రుడంటే ఎంత అరుదో, అతనికి సర్కారు కొలువు ఎంత సులభమో నేటి విద్యార్థులు ఊహించుకోవడం కష్టం. కచేరీలోనో, న్యాయస్థానంలోనో, పాఠశాలలోనో ఒక కుర్చీ అతనికోసం ఎదురుచూస్తూ ఉండేది. చదువుకొన్నవాడు త్రాసు పట్టుకోవడం చిన్నతనమని లోకం తలచే రోజులవి. నాగేశ్వరరావుగారికి వర్తకం కులవృత్తి కాదు. తాతతండ్రులు ఇచ్చిన అంగడి లేదు. అయినా వారి చూపు స్వతంత్ర వ్యాపారం వైపే మొగ్గింది. మద్రాసులో కొద్దికాలం ఏదో వ్యాపారం చేసి చూచారు. అక్కడ కుదురుకోక కలకత్తా చేరి, ఔషధ వ్యాపారంలో ప్రవేశించి, అందులోని మెళకువలు కొన్ని నేర్చుకొన్నారు. పిదప బొంబాయికి పోయి ఒక సంస్థలో ఉద్యోగిగా పనిచేశారు. మూడు మహానగరాలలో మూడు ప్రయత్నాలు. ఏది చూచినా పూర్తి విజయమని చెప్పదగినది కాదు. కాని ప్రతి ఊరూ వారికి ఏదో ఒకటి నేర్పే పంపింది.

బొంబాయి అప్పటికే నూలు మిల్లులతో, ఓడరేవుతో, దేశం నలుమూలల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన జనంతో కిటకిటలాడుతున్న నగరం. అందులో తెలుగువారు కూడా తక్కువేమీ కారు. తెలంగాణ ప్రాంతం నుండి తరలిపోయిన కూలీలు, తాపీ పనివారు అక్కడ కామాఠీలుగా ప్రసిద్ధులు. నగరంలోని ఒక పేట నేటికీ వారి పేరనే కామాఠీపురమని వ్యవహరింపబడుతున్నది. మిల్లులో పగలంతా నిలబడి పనిచేసేవాడికి ఒళ్ళు నొప్పులు, ఇరుకు గదులలో పొగ మధ్య కాపురం ఉండేవాడికి తలనొప్పి, వానకాలం వస్తే జలుబు. వైద్యుని వద్దకు పోవడానికి తీరికా లేదు, రొక్కమూ లేదు. చిన్న బాధకు చేతిలో ఉండే చిన్న మందు అటువంటి నగరానికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

1893వ సంవత్సరంలో, తమ ఇరువదియారవ యేట, నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. పేరులోనే వారి తెలుగుదనం, సంస్కృత సంస్కారం రెండూ కనిపిస్తాయి. అమృతం వంటి అంజనం, అంటే పూతమందు అని అర్థం. పసుపు వన్నె గల ఈ లేపనంలో కర్పూరం, పుదీనాపువ్వు, నీలగిరి తైలం వంటి ద్రవ్యాలు ఉంటాయి. నుదుట రాచుకొంటే మొదట చల్లగా, పిదప వెచ్చగా అనిపించి, కొద్ది నిమిషాలలో బాధ ఉపశమిస్తుంది. దాని ఘాటైన వాసన ఒకసారి తగిలితే మరచిపోయేది కాదు. తెలుగు ఇండ్లలో కొన్ని తరాలవారికి తలనొప్పి అనగానే ఆ పసుపుపచ్చని సీసా మనస్సులో మెదలుతుంది.

వస్తువు మంచిదే. కాని మంచి వస్తువు చేసినంత మాత్రాన వర్తకం నడవదు. మొదట్లో సీసా ధర పది అణాలు. రూపాయికి పదహారు అణాలైన ఆ రోజుల్లో పది అణాలంటే రూపాయిలో సగం కంటె ఎక్కువ. రోజుకూలితో బ్రతికేవాడికి అది ఆలోచించి విప్పవలసిన ముడి. ఇక మందుల సంగతి మరీ సున్నితం. సంతలో గొంతెత్తి సర్వరోగ నివారిణి అని అమ్మేవారిని చూచి చూచి జనానికి కొత్త మందంటే అనుమానం పుట్టి ఉండడం సహజం. బియ్యమైతే గింజ నోట వేసుకొని చూడవచ్చును. బట్ట అయితే నలిపి చూడవచ్చును. మూతబిగించిన సీసాలోని మందును కొనకముందే పరీక్షించడం ఎలా? ఎవరో తెలియని తెలుగువాడు, ఎన్నడూ వినని పేరు, పది అణాల ధర. ఈ మూడు అడ్డుగోడలను దాటితేనే సీసా ఒక ఇంటికి చేరగలదు.

నాగేశ్వరరావుగారు ఈ గోడలను మాటలతో పడగొట్టే ప్రయత్నం చేయలేదు. వారు ఎన్నుకొన్న ఉపాయం చాలా చిన్నది. సంగీత సభలకు పోయి, అక్కడికి వచ్చినవారికి తమ లేపనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. సంగీత కచేరీ అంటే గంటల తరబడి కదలక కూర్చొనే చోటు. జనసమ్మర్దం, ఉక్క, రాత్రి నిద్ర చెడుట వీటివలన తల భారంగా ఉండడం శ్రోతలకు మామూలే. అటువంటి సమయంలో వేలికొనకు కాస్త లేపనం అందితే దాని గుణం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ప్రక్కనున్నవాడికి వాసన తగులుతుంది. అతడు కూడా చేయి చాపుతాడు. కచేరీ ముగిసి ఇంటికి వెళ్ళేవారు పాటతో పాటు ఆ పరిమళాన్ని కూడా వెంట తీసుకొని పోతారు. వినడానికి ఇంత సులభమైన ఈ పనియే అమృతాంజనానికి తొలి ప్రసిద్ధిని తెచ్చిపెట్టింది.

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులు దీని లెక్కను ఒకసారి తమంతట తామే వేసి చూడవలెను. ఉదాహరణకు ఒక సీసాలోని లేపనం నలభై మంది నుదుళ్ళకు సరిపోతుందని అనుకొందాం. ఒక సీసా పంచితే వర్తకునికి పోయినది సీసా తయారీ ఖర్చు మాత్రమే. నలభైమందిలో ముప్పదియెనిమిది మంది ఏమీ కొనక ఊరకుండినా, ఇద్దరు కొంటే చాలు, పంచిన సీసా వెల దాదాపుగా తిరిగివస్తుంది. ఆ ఇద్దరూ సీసా అయిపోగానే మళ్ళీ కొంటారు. ఇంట నలుగురికి పూస్తారు. పొరుగింటికి అరువిస్తారు. ఊరు వెళ్ళినప్పుడు పెట్టెలో పెట్టుకొని పోతారు. కొనని ముప్పదియెనిమిది మందికి కూడా పేరు తెలిసింది, గుణం తెలిసింది. నేడు కాకున్నా మరొక నాడు తల నొచ్చినప్పుడు ఆ పేరే నోటికి వస్తుంది. ఇచ్చినది వేలికొనంత, వచ్చినది ఒక ఇంటి నమ్మకం.

అయితే ఈ ఉపాయం పట్టుకొన్న ప్రతివాడూ గెలుస్తాడని భావించరాదు. ఉచితంగా ఇవ్వడంలో వర్తకుడు తనను తానే పరీక్షకు పెట్టుకొంటున్నాడు. సీసాలోని మందు నాసిరకమైతే దానిని పంచినకొద్దీ అపకీర్తియే పెరుగుతుంది. అమ్మినప్పుడు మోసపోయిన వాడొక్కడే, పంచినప్పుడు సభ అంతా సాక్షి. కనుక ధారాళంగా పంచగల ధైర్యం మంచి సరుకు చేసినవానికే చెల్లుతుంది. రెండవది, పంచినదానికీ అమ్మినదానికీ తేడా ఉండరాదు. సభలో ఒక రకం, సీసాలో మరొక రకం అయితే నమ్మకం ఒక్కనాటిలో కూలిపోతుంది. మూడవది, ఇచ్చినవెంటనే కొనమని వెంటబడరాదు. వెంటబడితే అది దానం కాదు, ఎర. చేపకు ఎర వేసేవాడికీ, పొరుగువానికి మజ్జిగ ఇచ్చేవాడికీ ఉన్న భేదం పుచ్చుకొనేవానికి చప్పున తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. సంగీత సభలలో మందు పంచడం ఔదార్యమా, వ్యాపార తంత్రమా? మన తరగతులలో ఈ ప్రశ్న వేస్తే సగంమంది ఒకటి, సగంమంది మరొకటి చెబుతారు. నిజానికి ఆ తొలి దినాలలో అది రెండూ అయి ఉండవచ్చును. వర్తకుడు తన వస్తువు చెల్లుబాటు కావాలని కోరుకోవడం పాపం కాదు. కాని తంత్రం మాత్రమే అయితే దానికి ఒక గుర్తు ఉంటుంది. వ్యాపారం స్థిరపడగానే అది ఆగిపోతుంది. పేరు వచ్చిన తరువాత పంచవలసిన పని ఏమున్నది? నాగేశ్వరరావుగారి జీవితాన్ని ఈ గీటురాయి మీద గీచి చూడవలెను. వ్యాపారం స్థిరపడిన తరువాత వారి చేయి ముడుచుకొన్నదా, మరింత విప్పుకొన్నదా? మిగిలిన కథ అంతా ఈ ప్రశ్నకు సమాధానమే.

అమృతాంజనం దేశమంతటా వ్యాపించి, పంతులుగారు సంపన్నులయ్యారు. ఆ దశలో 1907లో సూరత్తులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పంతులుగారు దానికి హాజరయ్యారు. మితవాదులు, అతివాదులు చీలిపోయిన సభ అది. దేశంలో ఇంతటి సంచలనం జరుగుతూ ఉంటే దానిని తెలుగువానికి తెలుగులో చెప్పే బలమైన పత్రిక లేదన్న లోటు వారిని బాధించింది. మరుసటి సంవత్సరం, 1908 సెప్టెంబరు 9వ తేదీన, బొంబాయి నుండే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగుదేశానికి ఎంతో దూరాన, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, ఒక మందుల వ్యాపారి తెలుగు పత్రికను స్థాపించడం సాహసమే. పత్రిక లాభసాటి వ్యవహారం కాదని వర్తకుడైన వారికి తెలియకపోలేదు. తెలిసే చేశారు. ఈసారి కొసరు తూకాన్ని మించిపోయింది.

1914లో పత్రిక మద్రాసుకు తరలివచ్చి, ఏప్రిల్ 1వ తేదీ నుండి దినపత్రికగా వెలువడసాగింది. అమృతాంజనం కార్యస్థానం కూడా మద్రాసుకు మారింది. అదే సంవత్సరం ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. ఏ ఊరిలో చూచినా యుద్ధవార్తల కోసం జనం ఎదురుచూస్తున్న కాలం. చదువు వచ్చినవాడు అరుగు మీద కూర్చొని పత్రిక చదువుతూ ఉంటే రానివారు చుట్టూ చేరి వినేవారు. ఆ విధంగా ఒక్క ప్రతి పదిమందికి చేరింది. దినపత్రికను నడపడానికి కాగితం, అచ్చుయంత్రం, తంతివార్తలు, సిబ్బంది, తపాలా అన్నింటికీ ధనం కావలెను. పత్రిక తెచ్చే రాబడి చాలని చోట అమృతాంజనపు రాబడి ఆదుకొన్నది. నుదుట రాచిన మందు తెచ్చిన పైకం తెలుగువాని మెదడుకు ఆహారంగా మారింది.

1924లో భారతి సాహిత్య మాసపత్రిక ఆరంభమైనది. చరిత్ర, శాసనాలు, విజ్ఞానశాస్త్రం, కవిత్వం, కథ, విమర్శ ఇవన్నీ ఒకే పందిరి క్రిందికి చేరాయి. విశ్వనాథ సత్యనారాయణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారి రచనలకు ఆ పుటలు వేదిక అయ్యాయి. భారతిలో ఒక్క రచన వెలువడితే చాలు తాను రచయితనైనట్లే అని తెలుగు యువకులు భావించే స్థితి కొంతకాలానికి వచ్చింది. 1926లో పంతులుగారు ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి ప్రాచీన గ్రంథాలను, ఆధునిక రచనలను సామాన్యునికి అందే ధరకు అచ్చువేయించారు. సీసాను పది అణాలకు అమ్మిన వర్తకుడు పుస్తకాన్ని లాభం చూచుకొని అమ్మలేక కాదు. పుస్తకం ధర పెరిగితే అది ధనికుని బీరువా చేరుతుందే గాని పల్లె గ్రంథాలయానికి చేరదని గుర్తించారు. ఆ రోజుల్లో ఊరూరా సాగుతున్న గ్రంథాలయోద్యమానికి వారు అండగా నిలిచారు.

మరొక ఉదాహరణ చెప్పదగినది. శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమనే మహాకార్యాన్ని తలపెట్టి, అకారాది పదాలతో కొన్ని సంపుటాలు వెలువరించి, 1923లో దివంగతులయ్యారు. పని అసంపూర్తిగా నిలిచిపోయింది. ఇతరుని పేరుమీద ఆరంభమైన పనిని, లాభం రాదని ముందే తెలిసిన పనిని భుజాన వేసుకొనేవారు అరుదు. పంతులుగారు ఆ బాధ్యతను స్వీకరించి, పండితులను కూర్చి, సంపుటాలు వెలువరించే యత్నం సాగించారు. స్వంత పేరును నిలుపుకోవడానికి ఇచ్చే దానం ఒక రకం. మరొకరి కలను నిలబెట్టడానికి ఇచ్చే దానం దానికంటె ఒక మెట్టు ఎక్కువ.

ఇక వ్యక్తిగతంగా వారు చేసిన సహాయాలకు పట్టిక లేదు. విద్యార్థులు, కవులు, పండితులు, సంస్థల కార్యకర్తలు, ఉద్యమంలో సర్వం పోగొట్టుకొన్నవారు మద్రాసులోని వారి ఇంటి గుమ్మం త్రొక్కి రిక్తహస్తాలతో మరలిపోలేదని ఆనాటివారు కథలుగా చెప్పుకొన్నారు. విశ్వదాత అనే పేరు సర్కారు ఇచ్చినది కాదు. దొరతనంవారి బిరుదుల పట్టికలో దానికి చోటు లేదు. అది ప్రజల నోట నిలిచిన పేరు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించింది. సంగీత సభలో వేలికొనంత లేపనంతో ఆరంభమైన చేయి ఎంత దూరం విప్పుకొన్నదో దీనినిబట్టి తెలుస్తుంది. పైన వేసిన ప్రశ్నకు సమాధానం దొరికినట్లే.

ధనం ఇచ్చి తాము మాత్రం నీడపట్టున కూర్చొన్నవారు కారు పంతులుగారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు మద్రాసు నగరంలో శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులుగారితో కలిసి ముందుకు నడిచారు. అప్పటికి వారి వయస్సు అరువదిమూడు సంవత్సరాలు. కోట్లకు పడగలెత్తిన వర్తకుడు ఆ వయస్సులో కారాగారానికి పోవలసిన అగత్యమేమి? పత్రికాధిపతికి, వ్యాపారికి ప్రభుత్వంతో వైరం కంటె నష్టం మరొకటి ఉండదు. ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకొనే వారు జైలుకు వెళ్ళారు. అక్కడ లభించిన తీరికను వృథా చేయక భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాశారు.

రాయలసీమవారు పంతులుగారిని స్మరించుకోవడానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కావాలన్న కోరిక బలపడుతున్న రోజుల్లో, కోస్తా జిల్లాల ఆధిక్యం క్రింద తమకు అన్యాయం జరుగుతుందేమోనన్న శంక రాయలసీమ నాయకులకు కలిగింది. ఆ శంక తీరనిదే ఉద్యమం ముందుకు సాగదు. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో పంతులుగారి స్వగృహమైన శ్రీబాగ్‌లో ఉభయ ప్రాంతాల నాయకులు కూర్చొని ఒక ఒడంబడికకు వచ్చారు. నదీజలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం, ఉన్నత విద్యాసంస్థలు, రాజధాని లేక ఉన్నత న్యాయస్థానం విషయంలో ఆ ప్రాంతం వారికే ఎంపిక హక్కు మొదలైన అంశాలు అందులో చేరాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడానికి ఈ ఒడంబడికే ఆధారం. ఆ తరువాత ఆ అంశాలన్నీ నెరవేరాయా అన్నది వేరు చర్చ. వెనుకబడినవారి చేతికి ముందుగా ఎంపికనివ్వడం, బలవంతుడు ఒక మెట్టు దిగిరావడం కూడా కొసరు వంటిదే. తూకం సరిగా ఉన్నా మనస్సు నిండనప్పుడు కొసరు వేయవలసినవాడు పెద్ద అంగడివాడే.

శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన ఐదు నెలలకు, 1938 ఏప్రిల్ 11వ తేదీన, డెబ్బది ఒకటవ జన్మదినానికి ఇరువది రోజుల ముందు పంతులుగారు తనువు చాలించారు. అంతకు రెండేండ్ల ముందే, 1936లో, అమృతాంజనం సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. వారి అనంతరం అల్లుడు శ్రీ శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికల భారాన్ని, వ్యాపార భారాన్ని వహించారు. ఆంధ్రపత్రిక 1991 వరకు, అంటే ఎనిమిది దశాబ్దాలకు పైగా, తెలుగువారికి సేవ చేసి ఆగిపోయింది. భారతి కూడా ఆరు దశాబ్దాలకు పైబడి వెలుగొంది నిలిచిపోయింది. లేపనపు సంస్థ మాత్రం 2007లో పేరును అమృతాంజన్ హెల్త్ కేర్‌గా మార్చుకొని నేటికీ కొనసాగుతున్నది. చెన్నైలో మైలాపూరు లజ్ ప్రాంతాన వారి పేరిట ఉన్న ఉద్యానవనంలో నిత్యం ఎందరో నడకకు వస్తారు. వృద్ధులు, పిల్లలు, కూలిపని ముగించుకొన్నవారు చెట్ల నీడన రుసుము లేకుండా సేదదీరుతారు. ఆ పేరుకు తగిన స్మారకమది.

ఈ జీవితం నుండి మన విద్యార్థులు గ్రహించదగినదేమి? మొదటిది, ఉన్నవాడే ఇవ్వగలడు, లేనివాడు దాచుకోవలెను అనే భావం తప్పని తెలుస్తున్నది. పంతులుగారు ధనవంతులై పంచలేదు, పంచి ధనవంతులయ్యారు. చిన్న దుకాణదారుడు వేలు ఇవ్వనక్కరలేదు. సరియైన తూకం మీద గుప్పెడు, ఎండన పడి వచ్చినవానికి ఒక గ్లాసు మంచినీరు, కొన్నవస్తువు పాడైతే ముఖం చిట్లించక మార్చి ఇవ్వడం, చదువురానివానికి చీటీ చదివి పెట్టడం, చిల్లర తక్కువైన పిల్లవానిని తిప్పి పంపకుండడం. వీటికయ్యే ఖర్చు చాలా స్వల్పం. వీటివలన కలిగే నమ్మకం ఏ బ్యాంకూ అప్పుగా ఇవ్వలేదు.

రెండవది, ఔదార్యం లెక్కకు శత్రువు కాదు. ఎంత ఇవ్వగలమో తెలిసి ఇవ్వడమే నిలిచే దానం. అప్పు తెచ్చి పంచినవాడు నాలుగు నాళ్ళకు తలుపులు మూసుకొంటాడు. అతనితో పాటు అతనిమీద ఆధారపడినవారూ వీధిన పడతారు. పంతులుగారు ఒక చేతితో పంచుతూ రెండవ చేతితో తయారీని, నాణ్యాన్ని, ఖాతాలను గట్టిగా పట్టుకొన్నందువల్లనే ఒక సీసా రాబడి మీద రెండు పత్రికలు, ఒక గ్రంథమాల నిలబడగలిగాయి. మూడవది, ఇచ్చేది ఎప్పుడూ మన వద్ద ఉన్నదానిలో మంచిదై ఉండవలెను. పుచ్చిన వంకాయను కొసరుగా వేసినవాడు ఔదార్యం చూపినట్లు కాదు, చెత్త వదిలించుకొన్నట్లు.

చివరిది అన్నింటికంటె ముఖ్యమైనది. ప్రజలు తమ నమ్మకంతో మనకు సంపాదించిపెట్టినది పూర్తిగా మనది కాదు. పది అణాలు, పది అణాలుగా తెలుగువారు, ఇతరులు ఇచ్చిన పైకాన్ని పంతులుగారు పత్రికగా, పుస్తకంగా, విద్యార్థి వేతనంగా, ఉద్యమానికి బలంగా తిరిగి వారికే చేర్చారు. పుచ్చుకొన్న చోటికే తిరిగి ఇవ్వడం వారి వర్తక ధర్మంలో చివరి పద్దు.

రేపు మనలో కొందరు తండ్రుల దుకాణాలలో కూర్చొంటారు. కొందరు కొత్తగా చిన్న వ్యాపారాలు మొదలుపెడతారు. తొలినాడు బోణీ కోసం ఎదురుచూస్తూ, రాని గిరాకీని తలచుకొని దిగులుపడే ఘడియ ఎవరికైనా వస్తుంది. అటువంటి సమయంలో వందేండ్లకు పూర్వం ఒక సంగీత సభలో, పాట వింటున్న జనం మధ్య, చిన్న సీసా చేతపట్టుకొని నిలబడిన ఒక తెలుగు పట్టభద్రుని జ్ఞాపకం చేసుకొనవలెను. ఆనాడు వారికి పేరు లేదు, సంపద లేదు, పత్రిక లేదు. ఉన్నవి రెండే: కల్తీ లేని సరుకు, ముందుకు చాచిన చేయి. ఈ రెండూ ఎవరి పెట్టుబడికీ అందనివి కావు.